ప్యానెలా, టీవీనా, ప్రొజెక్టరా, ట్యాబ్‌లా? మండలం బడులకు ఏది కొనాలి, టీచర్లకు ఏ శిక్షణ ఇవ్వాలి

మండలంలో నలభై బడులుంటాయి. చేతిలో ఉన్న డబ్బు పదింటికి కూడా చాలదు. బల్ల మీద డిజిటల్ పాఠాల పరికరాలకు నాలుగు కొటేషన్లు ఉంటాయి, నాలుగూ నాలుగు రకాలు. కర్నూలు, అనంతపురం, కడప వైపు మండల విద్యాధికారులు, హెచ్ఎంలు, బడి కమిటీలు, సొంతూరి బడికి ఏదైనా చేద్దామని డబ్బు పోగుచేసుకొచ్చిన పూర్వ విద్యార్థులు ఇక్కడికొచ్చి ఆగిపోతారు. ఏ కంపెనీ డెమో అయినా బాగానే ఉంటుంది, ఎందుకంటే డెమో చేసే గదిలో కరెంటు పోదు, పడమటి కిటికీలోంచి ఎండ పడదు, అరవై మంది పిల్లలుండరు.

అందుకే ధర కంటే ముందు రెండు ప్రశ్నలు వేయండి. మామూలు టీచరు మామూలు రోజున 45 నిమిషాల పీరియడ్‌లో దీన్ని 3 నిమిషాల్లో మొదలుపెట్టగలరా? ఇది ఆగిపోతే వారం లోపల బాగుచేసే మనిషి వస్తాడా? ఈ రెండింటికీ "అవును" అని గట్టిగా చెప్పలేని పరికరం ఎంత చవకైనా వద్దు. శిక్షణ కూడా ఈ రెండు ప్రశ్నల్లోనే ఉంది. టీచరు చేతికి అలవాటు కానిది, పరికరం బాగున్నా ఆగిపోయినట్టే.

## ముందు గదిలోకి వెళ్లండి

ప్రతి గదిలో అరగంట గడపండి. చేతిలో ఒక మల్టీమీటరు, ఒక కొలత టేపు చాలు, ఎలక్ట్రీషియన్ తోడుంటే ఇంకా మంచిది.

ఓల్టేజీని ఉదయం 10 గంటలకోసారి, మధ్యాహ్నం 2 గంటలకోసారి చూడాలి. బోరు మోటార్లు ఆడే ట్రాన్స్‌ఫార్మర్ మీదే బడి కూడా ఉంటే ఆ రెండు వేళలకూ తేడా బాగా కనిపిస్తుంది. లాప్‌టాప్ ఛార్జర్లు, ఇప్పటి టీవీలు చాలావరకు 100 నుంచి 240 ఓల్టుల దాకా తట్టుకుంటాయి కాబట్టి తక్కువ ఓల్టేజీకి అంతగా భయపడక్కర్లేదు. అసలు ప్రమాదం కరెంటు పోయి తిరిగి వచ్చే క్షణంలో, మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ వదులైనప్పుడు ఉంటుంది. అప్పుడు గదిలోకి 300 ఓల్టులు దాటి వచ్చే వీలుంది. ఒక్క రోజులో బడిలోని టీవీలన్నీ పోయాయంటే చాలాసార్లు కారణం ఇదే. ఓల్టేజీ హద్దు దాటితే తనంతట తనే లైను కట్ చేసే చిన్న పరికరాన్ని మెయిన్ బోర్డులో పెట్టించండి. రెండు మూడు వేల రూపాయలతో లక్షల సామాను నిలుస్తుంది.

ఎర్తింగ్ మన జిల్లాల్లో ప్రత్యేకంగా చూడాల్సిన సంగతి. అనంతపురం ఎర్రనేలలో రెండు మూడడుగులు తవ్వగానే రాయి తగులుతుంది. వాన తక్కువ కాబట్టి భూమిలో తేమ నిలవదు. ఉప్పు, బొగ్గు వేసి పైపు దింపిన ఎర్త్ గుంత వానాకాలంలో బాగానే పనిచేస్తుంది, ఫిబ్రవరి వచ్చేసరికి ఎండిపోతుంది. ఫేజుకూ ఎర్తుకూ మధ్య మీటరు 230 దరిదాపు చూపాలి, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు ఓల్టులు మించకూడదు. మించుతోందంటే గుంత ఎండిపోయి అయినా ఉండాలి, తీగ తుప్పుపట్టి అయినా ఉండాలి. రాతినేలలో బెంటొనైట్ పొడి నింపే కెమికల్ ఎర్తింగ్ వేయిస్తే తేమను ఎక్కువ కాలం పట్టి ఉంచుతుంది. మామూలు గుంతే ఉంటే వేసవిలో వారానికి రెండు బిందెల నీళ్లు పోసే పని ఎవరిదో పేరు రాసి పెట్టండి. పట్టించుకోకపోతే టీవీ అంచు ముట్టుకుంటే చురుక్కుమంటుంది, స్పీకర్లో గుయ్యిమనే మోత వస్తుంది, మెరుపుల కాలంలో బోర్డులు కాలిపోతాయి.

ఇక వెలుతురు. తెర పెట్టాలనుకున్న గోడ మీద మధ్యాహ్నం 3 గంటలకు ఎండ పడుతుందా చూడండి. పడితే గోడ మార్చండి. పరదాల మీద ఆశ పెట్టుకోకండి, రెండో ఏటికి అవి ఉండవు.

## చివరి బెంచీ లెక్క

తెర ఎంత పెద్దదో అంగుళాల్లో చెబుతారు. మనకు కావలసింది చివరి వరసలో కూర్చున్న పిల్లకు అక్షరం కనిపిస్తుందా అన్నది. దీనికో మొరటు లెక్క ఉంది. తెర ఎత్తును ఆరుతో హెచ్చిస్తే, పాఠం సాఫీగా చదవగలిగే దూరం వస్తుంది. 43 అంగుళాల టీవీ ఎత్తు సుమారు 53 సెంటీమీటర్లు, అంటే పదిన్నర అడుగుల దాకా పనికొస్తుంది. 55 అంగుళాలకు పదమూడున్నర, 65కు 16, 75కు 18 అడుగుల చిల్లర. ప్రొజెక్టరుతో 100 అంగుళాల బొమ్మ వేస్తే 24 అడుగుల దాకా వెళ్తుంది.

24 అడుగుల పొడవున్న గదిలో 65 అంగుళాల తెర పెడితే చివరి మూడు నాలుగు వరసలకు పాఠం అందదన్నమాట. పైగా మన లిపిలో ఒత్తులున్నాయి. "కక్ష్య", "స్త్రీ" లాంటి మాటల్లో అడుగున ఉండే చిన్న గీతలే ముందు అలుక్కుపోతాయి. ఇంగ్లిషు పాఠం కనిపించిన చోట తెలుగు పాఠం కనిపించకపోవచ్చు. డెమోకు వచ్చినవాణ్ణి తెలుగు పాఠ్యపుస్తకంలోని ఒక పేజీ తెర మీద పెట్టమని, మీరు చివరి బెంచీలో కూర్చుని చదవండి. అన్ని పరీక్షల్లోకీ తక్కువ ఖర్చుది ఇదే.

మిగతా కొలమానాలు మూడు మాటల్లో తేలిపోతాయి. భాష: ఆదోని, కడప, రాయచోటిల్లో ఉర్దూ మీడియం బడులున్నాయి, కౌతాళం, రాయదుర్గం వైపు కన్నడ మీడియం బడులున్నాయి. పాఠాలు ఆ భాషలో ఉన్నాయా అని కొనే ముందే అడగాలి. ఇంటర్నెట్: లేదనుకునే ప్లాన్ చేయండి, ఉంటే లాభం. సర్వీసు దూరం: కంపెనీ మెకానిక్ జిల్లా కేంద్రంలో ఉంటాడా, హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో రావాలా?

## ఒకే చూపులో

ధరలు ప్లానింగ్ కోసం వేసుకున్న అంచనాలు మాత్రమే. కొటేషన్లతో సరిచూసుకోవాలి.

| ఎంపిక | సుమారు ఖర్చు | కరెంటు | దేనికి బాగుంటుంది | ఎక్కడ దెబ్బతింటుంది |
|---|---|---|---|---|
| 65 అంగుళాల టచ్ ప్యానెల్ | గదికి 1.2 – 1.8 లక్షలు | 200 – 250 వాట్లు | హైస్కూల్లో లెక్కలు, సైన్సు | సుద్దపొడి, ఎండ, ఖరీదైన మరమ్మతు |
| 55 అంగుళాల టీవీ + లాప్‌టాప్ | 80 – 90 వేలు | 150 – 180 వాట్లు | చిన్న గదులు, ప్రాథమిక బడి | చివరి వరసలకు అందదు |
| ప్రొజెక్టర్ + లాప్‌టాప్ | 80 వేలు – లక్ష | 300 – 350 వాట్లు | పెద్ద గదులు, ఎక్కువమంది పిల్లలు | దుమ్ము, వెలుతురు, దీపం ఖర్చు |
| 20 ట్యాబ్‌లు + ఆఫ్‌లైన్ సర్వర్ (నెట్ లేకుండా పాఠాలు పంచే చిన్న కంప్యూటర్) | 2.8 – 3.2 లక్షలు (బడి మొత్తానికి) | ఛార్జింగ్ వేళ 250 వాట్లు | స్థాయిలు వేరైన పిల్లల సాధన | బ్యాటరీలు, ట్యాబ్‌ల లెక్క తప్పడం |
| 10 కంప్యూటర్ల గది | 5 – 6 లక్షలు | 1 కిలోవాటు పైన | కంప్యూటర్ నేర్పడానికి | గది తాళం వేసే ఉండటం |

## టచ్ ప్యానెల్

రాష్ట్రంలో బడులను బాగుచేసే నాడు–నేడు పథకం రెండో విడతలో హైస్కూలు గదులకు టచ్ ప్యానెళ్లు, ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు 2023 నుంచి వచ్చాయి. మీ హైస్కూల్లో అప్పటికే ప్యానెళ్లుంటే కొత్తది కొనే ఆలోచన పక్కన పెట్టి, ఉన్నవాటి ఎర్తింగ్‌కూ శిక్షణకూ ఆ డబ్బు ఖర్చు చేయండి. ఇందులో నాకు రెండో మాట లేదు.

ప్యానెల్ గొప్పతనం ఒకటే. బోర్డు, కంప్యూటరు, స్పీకరు అన్నీ ఒక్క స్విచ్చుతో తెరుచుకుంటాయి. 3 నిమిషాల పరీక్ష తేలిగ్గా గట్టెక్కుతుంది. తెర మీదే రాయొచ్చు, జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజాన్ని వేలితో లాగి చూపొచ్చు.

చాలా ప్యానెళ్లలో టచ్‌ను పసిగట్టేది అద్దం కాదు, చుట్టూ ఫ్రేములో ఉండే కంటికి కనిపించని కిరణాలు. ఆ అంచులో సుద్దపొడి పేరుకున్నా, నేరుగా ఎండ పడినా, పురుగు కూర్చున్నా ఎవరూ ముట్టుకోకుండానే గీతలు పడతాయి. టీచరు "పాడైపోయింది" అని పక్కన పెట్టేస్తారు. ఆపేసి, పొడి మెత్తని గుడ్డతో నాలుగు అంచులూ తుడిస్తే ఎక్కువసార్లు బాగవుతుంది. పక్కనే నల్లబల్ల మీద సుద్దతో రాసే గదిలో ఇది వారానికి రెండుసార్లు చేయాల్సిన పని. తాడిపత్రి, బేతంచెర్ల లాంటి బండల పరిశ్రమ ఊళ్లలోనైతే రోజూ. తడిగుడ్డ, ఫినాయిలు వాడనీయకండి.

గ్యారంటీ అయ్యాక తెర పగిలితే బాగుచేయించే ఖర్చు కొత్తదాని ధరకు దగ్గరగా వస్తుంది. కొంటున్నప్పుడే ఈ లెక్క తెలిసి ఉండాలి.

## టీవీ, లాప్‌టాప్

ముప్పై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇంతకు మించి అక్కర్లేదు. రెండూ వేర్వేరు వస్తువులు కావడమే దీని బలం. టీవీ పోతే లాప్‌టాప్ మిగులుతుంది, లాప్‌టాప్ పోతే పెన్‌డ్రైవ్ పెట్టి టీవీ నడపొచ్చు. ఆదోనిలోనో ప్రొద్దుటూరులోనో మామూలు మెకానిక్ కూడా బాగుచేస్తాడు.

మొదట చెడేది హెచ్‌డీఎంఐ తీగ. రోజూ పెరికి గుచ్చితే టీవీ వెనక ఉన్న రంధ్రమే వదులవుతుంది. టీవీకి ఒక చిన్న పొడిగింపు తీగను శాశ్వతంగా బిగించి, దాని కొనకే లాప్‌టాప్ తగిలించే అలవాటు చేయండి. పాడైతే రెండు వందల రూపాయల తీగే పాడవుతుంది. స్పీకర్లు విడిగా కొనండి, ఎందుకంటే టీవీ వెనకవైపు నుంచి వచ్చే మాట ఫ్యాను శబ్దంలో కలిసిపోతుంది.

కరెంటు కోతలున్న ఊరికి ఇన్వర్టర్ లెక్క ఇలా వేయండి. 12 ఓల్టుల 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 1800 వాట్-అవర్లు ఉంటాయి, నష్టాలు పోను వాడుకోదగ్గవి 900 దరిదాపు. 150 వాట్ల టీవీ, లాప్‌టాప్ జంటకు ఆరు గంటలు వస్తుంది. అదే బ్యాటరీ మీద 250 వాట్ల ప్యానెల్ మూడున్నర గంటలే నడుస్తుంది. గని–శకునాల సోలార్ పార్కు ఉన్న నేలలో ఒక కిలోవాటు పలక రోజుకు నాలుగైదు యూనిట్లు ఇస్తుంది. బడి పైకప్పు మీద దానికి చోటుంటే ముందు అది పెట్టించండి, తర్వాతే తెర.

## ప్రొజెక్టర్

కేరళ 2018లో మొదలుపెట్టిన హైటెక్ స్కూల్ పథకంలో 45,000 తరగతి గదులకు ఎంచుకున్నది లాప్‌టాప్, ప్రొజెక్టరే. అక్కడ అది నిలబడటానికి కారణం ప్రొజెక్టర్ గొప్పతనం కాదు. అంతకు పదిహేనేళ్ల ముందు నుంచే టీచర్లలోంచే శిక్షకులను తయారుచేసుకుని, సొంత సాఫ్ట్‌వేర్ మీద పట్టు సంపాదించారు. పరికరాలు చూసుకోవడానికి లిటిల్ కైట్స్ పేరుతో పిల్లల క్లబ్బులు పెట్టారు. ఈ ఏర్పాటు మన మండలంలో చేసుకోవడానికి పెద్ద డబ్బు అక్కర్లేదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోంచి ఆరుగురు పిల్లలకు తీగలు బిగించడం, ఫిల్టర్ దులపడం, ఛార్జింగ్ పెట్టడం నేర్పితే టీచరు మీద సగం భారం తగ్గుతుంది.

అరవై మంది కూర్చునే పెద్ద గదికి ప్రొజెక్టరే సరైనది. వెలుగు 3500 ల్యూమెన్లకు తగ్గినది కొనకండి. దీపం రకమైతే 3 నుంచి 5 వేల గంటలకు కొత్త దీపం వేయాలి, లేజరు రకం 20,000 గంటల దాకా వస్తుంది కానీ ధర దాదాపు రెట్టింపు. రోజుకు మూడు గంటలు, ఏడాదికి 200 రోజులు వాడితే 600 గంటలు. అంటే దీపం రకానికి అయిదు నుంచి ఎనిమిదేళ్లకు ఒక మార్పిడి. ఆ లెక్కన మామూలు బడికి దీపం రకం చాలు.

తప్పు జరిగేది దుమ్ము దగ్గర. ఫిల్టర్ మూసుకుపోతే లోపలి వేడి పెరిగి మధ్యలో ఆగిపోతుంది, దీపం తొందరగా మాడుతుంది. నెలకోసారి ఫిల్టర్ దులపాలి. పాఠం అయ్యాక ఫ్యాను ఆగేదాకా మెయిన్ స్విచ్ తీయకూడదు. గంట కొట్టగానే స్విచ్ తీసి పరుగెత్తే అలవాటే ప్రొజెక్టర్లను చంపుతుంది.

## ట్యాబ్‌లు

ట్యాబ్‌ల గురించి ఆశ ఎక్కువ, అనుభవం చేదు. పెరూ దేశం బడి పిల్లలకు పెద్ద ఎత్తున లాప్‌టాప్‌లు పంచింది. 319 బడుల మీద జరిగిన అధ్యయనం 2012లో వెలువడింది. లెక్కల్లోనూ భాషలోనూ చెప్పుకోదగ్గ మెరుగు కనిపించలేదు. మరోవైపు ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో బడి వేళలయ్యాక పిల్లలకు సాధన చేయిస్తే నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో గట్టి మెరుగు కనిపించింది. తేడా పరికరంలో లేదు. రెండోచోట సాఫ్ట్‌వేర్ ప్రతి పిల్లవాడి స్థాయి కనుక్కుని అక్కడి నుంచి మొదలుపెట్టింది, పక్కన చూసుకునే మనిషి ఉన్నాడు, రోజుకు ఇంతసేపని ఒక వేళ ఉంది.

ఆ మూడూ మీ బడిలో ఏర్పాటు చేయగలిగితేనే ట్యాబ్‌లు కొనండి. కోసిగి, ఆలూరు, పెద్దకడుబూరు వైపు సుగ్గికి, అంటే పనుల కోసం వలస, పోయే కుటుంబాల పిల్లలకు ఇవి నిజంగా ఉపయోగపడతాయి. గుంటూరు మిరప కోతలకు అమ్మానాన్నల వెంట పోయిన బిడ్డ నెలల తర్వాత తిరిగొస్తుంది. తరగతి అప్పటికి ముందుకెళ్లిపోయి ఉంటుంది. తను ఆగిన చోటు నుంచే మొదలుపెట్టించే సాధన ఆ బిడ్డకు కావాలి. తెర మీద అందరికీ ఒకే పాఠం చూపించే ప్యానెల్ ఆ పని చేయలేదు.

ఇంటర్నెట్ అక్కర్లేని ఏర్పాటు ఇలా ఉంటుంది: రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు ఒకటి, 128 జీబీ మెమరీ కార్డు, దానిలో కోలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్, పక్కన ఒక మామూలు వైఫై రూటరు. వీడియోలు, అభ్యాసాలు పట్టణంలో నెట్ ఉన్నచోట ఎక్కించి తెచ్చుకోవచ్చు. ట్యాబ్‌లు రూటరుకు కలుస్తాయి, ఎవరు ఎక్కడిదాకా వచ్చారో టీచరుకు కనిపిస్తుంది. బోర్డు సొంత వైఫై మీద ఇరవై ట్యాబ్‌లు పెడితే వీడియోలు ఆగి ఆగి వస్తాయి, అందుకే రూటరు విడిగా కావాలి. కరెంటు ఉన్నట్టుండి పోతే మెమరీ కార్డు చెడిపోతుంది. ఒక చిన్న పవర్‌బ్యాంకు మీద నడపండి, అదే సమాచారం ఎక్కించిన రెండో కార్డు బీరువాలో ఉంచండి.

వేసవి సెలవుల్లో ట్యాబ్‌లను బ్యాటరీ పూర్తిగా అయిపోయేలా వదిలేస్తే జూన్‌లో సగం తెరుచుకోవు. 50 నుంచి 60 శాతం ఛార్జింగుతో ఆపి, చల్లటి గదిలో ఉంచి, మే మధ్యలో ఒకసారి చూడాలి. యూపీఎస్ బ్యాటరీల సంగతి వేరు, వాటిని నెలకోసారి పూర్తిగా ఛార్జి చేయాలి.

కంప్యూటర్ గది గురించి రెండు మాటలు చాలు. కంప్యూటర్ వాడటం, టైపింగ్, స్ప్రెడ్‌షీట్, కోడింగ్ నేర్పాలంటే అదే కావాలి, ట్యాబ్ దాని చోటు తీసుకోలేదు. కానీ రోజూ గది తెరిచే ఇన్‌స్ట్రక్టర్ లేని బడికి ఇవ్వకండి.

## శిక్షణలో ఐదు దారులు

శిక్షణను కొనుగోలు అయ్యాక మిగిలిన డబ్బుతో చేద్దామనుకుంటే ఏమీ మిగలదు. ముందే పక్కన పెట్టండి. జాతీయ విద్యావిధానం 2020 ప్రతి టీచరుకూ ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటుంది. ఆ 50 గంటలు ఏ దారిలో గడపాలన్నదే మన ఎంపిక.

కంపెనీ డెమో. బిగించిన రోజు రెండు గంటలు బటన్లు చూపిస్తారు. అది శిక్షణ కాదు. అయినా వదులుకోకండి. ఒప్పందంలో మూడుసార్లు రావాలని రాయించండి: బిగించిన రోజు, నెల తర్వాత, వేసవి సెలవులయ్యాక బడి తెరిచిన వారంలో. రెండో రాకలోనే టీచర్లు అసలు ప్రశ్నలు అడుగుతారు.

పైనుంచి కిందికి దిగే శిక్షణ. రాష్ట్రం నుంచి డైట్‌కు (జిల్లా టీచర్ల శిక్షణ సంస్థకు), అక్కణ్ణుంచి మండల రిసోర్స్ పర్సన్లకు, వాళ్ల నుంచి టీచర్లకు. వారంలో జిల్లా అంతటికీ ఒకే మాట చేరుతుంది, ఖర్చు తక్కువ. కొత్త పాఠ్యపుస్తకమో, కొత్త మూల్యాంకన పద్ధతో చెప్పడానికి ఇదే మేలు. చేతితో చేసి నేర్చుకోవాల్సిన పని మాత్రం మెట్టు మెట్టుకూ పలచబడుతుంది. పైన ఆరు గంటలు చేసి చూపింది కింద అరగంట స్లైడ్లుగా మారుతుంది. దూరం మరో ఇబ్బంది. ఉమ్మడి జిల్లాల డైట్లు బి.తాండ్రపాడు, బుక్కపట్నం, రాయచోటిల్లో వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు బుక్కపట్నం శ్రీ సత్యసాయి జిల్లాలోకి, రాయచోటి అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాయి. గుంతకల్లు టీచరుకు బుక్కపట్నం దగ్గర కాదు.

దీక్ష కోర్సులు. 2017లో మొదలైన దీక్ష అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో నిష్ఠ అనే టీచర్ల శిక్షణతో పాటు చాలా కోర్సులున్నాయి, ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. విషయ పరిజ్ఞానానికి, పిల్లల మనస్తత్వం తెలుసుకోవడానికి ఉపయోగం. రాత్రి పది గంటలకు వీడియో నడుస్తుంటే పక్కన వంట చేసుకుంటూ సర్టిఫికెట్ తెచ్చుకునే వీలూ ఉంది. కోర్సు పూర్తయిన లెక్క చూసి "శిక్షణ అయింది" అని రాసుకోకండి. ఆ కోర్సులోంచి ఒక్క పాఠం తరగతిలో చేసి చూపమనండి.

స్కూల్ కాంప్లెక్స్ సమావేశం, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే సమావేశం. ఎలాగూ జరిగేదే, దగ్గరలోనే జరుగుతుంది. చాలాచోట్ల సర్క్యులర్లు చదవడంతో ముగుస్తుంది. అందులోంచి 90 నిమిషాలు విడదీయండి. మొదటి 15 నిమిషాలు ఎవరి పరికరం ఎందుకు ఆగిందో చెప్పుకోవాలి. తర్వాత ఇద్దరు టీచర్లు చెరో 20 నిమిషాలు తమ పాఠం చేసి చూపాలి. ఆపైన 25 నిమిషాలు ఇద్దరిద్దరుగా కూర్చుని అదే పాఠాన్ని చేతితో చేయాలి. చివరి 10 నిమిషాలు పెన్‌డ్రైవ్‌ల్లోకి పాఠాలు కాపీ చేసుకోవడానికి. చూసి వెళ్లేవాళ్లు ఉండకూడదు, అందరి చేతులూ పనిచేయాలి.

బడికొచ్చే మార్గదర్శి. ఖరీదైన దారి, నిలబడే దారి కూడా ఇదే. ఒక మార్గదర్శికి పది బడులు, నెలకు రెండేసిసార్లు అంటే ఇరవై రోజులు. అంతకు మించి ఇస్తే సంతకం పెట్టించుకుని పోవడమే అవుతుంది. వచ్చినరోజు పని ఇలా సాగాలి: పీరియడ్‌కు ముందు పది నిమిషాలు టీచరుతో కూర్చుని ఈ పాఠంలో తెర దేనికి కావాలో తేల్చుకోవాలి, తర్వాత పాఠమంతా చివరి బెంచీలో కూర్చుని చూడాలి, అయ్యాక పావుగంట మాట్లాడాలి. నిలుపుకోవాల్సింది ఒకటి, మార్చుకోవాల్సింది ఒకటి. అంతకంటే ఎక్కువ చెబితే ఏదీ జరగదు.

మంచి పాఠం ఎలా ఉంటుందో ఒకటి చూడండి. పదో తరగతి, కుంభాకార కటకం. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీద కదిలించి చూసే ప్రయోగాలు) ఉచితం, చాలావాటికి తెలుగు రూపం ఉంది, దించుకుంటే నెట్ లేకుండా నడుస్తాయి. టీచరు తెర తెరవకుండానే ప్రశ్న వేస్తారు: వస్తువును నాభి దగ్గరికి జరుపుతూ పోతే ప్రతిబింబం ఎటు కదులుతుంది, పెరుగుతుందా, తగ్గుతుందా? పిల్లలు నోటుపుస్తకంలో కిరణాలు గీసి తమ జవాబు రాసుకుంటారు. అప్పుడు తెర తెరిచి వస్తువును మెల్లగా లాగుతారు. ప్రతిబింబం దూరం పోతూ పెద్దదవుతూ, నాభి దాటగానే మాయమై వస్తువు ఉన్న వైపే నిలువుగా కనిపిస్తుంది. తరగతి మొత్తం ఒక్కసారి "అయ్యో" అంటుంది. తెర వాడింది ఆరు నిమిషాలే. మిగతా పీరియడ్ అంతా పెన్నూ కాగితమూ, వాదులాటా. నలభై నిమిషాల వీడియో పెట్టి కుర్చీలో కూర్చునే పాఠానికీ దీనికీ ఉన్న తేడా బటన్ల శిక్షణతో రాదు. పక్కన కూర్చుని చూసి చెప్పేవాళ్లతోనే వస్తుంది.

## ఏ బడికి ఏది

ఒకరిద్దరు టీచర్లే ఉండి, ఐదు తరగతులూ ఒకే గదిలో నడిచే బడికి టీవీ కంటే ఐదారు ట్యాబ్‌లు, ఆఫ్‌లైన్ సర్వర్ మేలు. టీచరు మూడో తరగతితో ఉన్నప్పుడు ఐదో తరగతి పిల్లలు సాధన చేసుకుంటారు. శిక్షణ మార్గదర్శి ద్వారానే ఇవ్వండి. ఒక్క టీచరును మూడు రోజుల శిక్షణకు పిలిస్తే బడి మూతపడుతుంది.

పట్టణంలో నాలుగు వందలు దాటిన హైస్కూలుకు కొత్త తెరల కంటే ఎర్తింగ్, వైరింగ్, పిల్లల క్లబ్బు, లెక్కలు–సైన్సు టీచర్లకు కాంప్లెక్స్ పాఠాలు. ఇంకా డబ్బు మిగిలితే పెద్ద గదికి ఒక ప్రొజెక్టర్.

కేజీబీవీలు (కస్తూర్బా బాలికల వసతి బడులు), గురుకులాల్లో సాయంత్రాలు ఖాళీగా ఉంటాయి, పిల్లలు అక్కడే ఉంటారు. ట్యాబ్‌లకైనా కంప్యూటర్ గదికైనా ఇంతకంటే మంచి చోటు లేదు.

కన్నడ, ఉర్దూ మీడియం బడులకు ముందు పాఠాలు వెతకండి, తర్వాతే పరికరం. దీక్షలో కర్ణాటక వాళ్ల కన్నడ పాఠాలున్నాయి, కానీ పుస్తకాలు వేరు కాబట్టి పాఠం పాఠానికీ జత చూసుకోవాలి. ఆ పని ఇద్దరు ముగ్గురు టీచర్లకు వేసవిలో పారితోషికమిచ్చి అప్పగించడం మంచి ఖర్చు.

## డబ్బు, ఒప్పందం

వంద రూపాయలుంటే పరికరాలకు 45, వైరింగ్–ఎర్తింగ్–గ్రిల్–తాళాలకు 12, మూడేళ్ల శిక్షణకు 28, మూడేళ్ల మరమ్మతులకు 15. పరికరాల వాటా సగం దాటితే ప్లాన్‌ను మళ్లీ చూడండి. చిల్లర మరమ్మతులకు సమగ్ర శిక్ష కాంపోజిట్ గ్రాంటు ఉంది: పిల్లల సంఖ్య 31 నుంచి 100 అయితే 25,000, 250 దాకా 50,000, 1000 దాకా 75,000 రూపాయలు. అందులో పదో వంతు శుభ్రతకు పోతుంది, మిగిలినదానిలోంచి తీగలు, ఫిల్టర్లు, బ్యాటరీల కోసం ఏడాది మొదట్లోనే తీర్మానం రాసుకోవాలి.

ఒప్పందంలో మూడేళ్ల గ్యారంటీ బడి దగ్గరికొచ్చి చేసేదై ఉండాలి. "మా సెంటరుకు తెచ్చివ్వండి" అంటే 65 అంగుళాల తెరను ఆటోలో ఎవరు మోస్తారు? ఫిర్యాదు చేసిన 72 గంటల్లో రావాలని, రాకపోతే రోజుకింత కోత అని రాయించండి. పది శాతం డబ్బు కంపెనీ వాళ్లు మూడోసారి వచ్చి నేర్పేదాకా ఆపండి.

మొదటి ఏడాది ఆరు బడులతోనే మొదలుపెట్టండి: రెండు ఏకోపాధ్యాయ బడులు, రెండు ప్రాథమికోన్నత, రెండు హైస్కూళ్లు. జూన్‌లో వైరింగ్, జూలైలో బిగింపు, ఆగస్టు నుంచి డిసెంబరు దాకా మార్గదర్శి రాకపోకలు. జనవరి తర్వాత పదో తరగతి పరీక్షల హడావిడి ఉంటుంది, కొత్త పనులు పెట్టకండి. ప్రతి పరికరం పక్కన ఒక లాగ్ పుస్తకం తాడుతో కట్టి ఉంచండి. తేదీ, తరగతి, పాఠం, ఎన్ని నిమిషాలు, ఏమైనా ఆగిందా అన్న ఐదు గడులు చాలు. ఫిబ్రవరిలో ఆ ఆరు పుస్తకాలు చదివితే రెండో ఏడాది ఏం కొనాలో వేరే ఎవర్నీ అడగక్కర్లేదు.

ఇంకొకటి, అందరూ మరిచేది. వేసవిలో బదిలీలొస్తాయి. ప్యానెల్ నడపడం వచ్చిన ఒక్క టీచరూ వెళ్లిపోతే జూన్‌లో ఆ గదిలో తెర మీద గుడ్డ కప్పి ఉంటుంది. ప్రతి బడిలో ఇద్దరికి తక్కువ కాకుండా నేర్పండి. బదిలీ అయ్యేవాళ్లు రిలీవ్ అయ్యే రోజున ఛార్జి జాబితాతో పాటు ఒక పేజీ రాసివ్వాలి: పాస్‌వర్డులు, మెకానిక్ ఫోన్ నంబరు, రెండో మెమరీ కార్డు ఏ బీరువాలో ఉంది, పిల్లల క్లబ్బులో ఎవరెవరున్నారు, ఎర్త్ గుంతకు నీళ్లు పోసేదెవరు. హెచ్ఎం సంతకం ఆ పేజీ మీద కూడా ఉండాలి.